ఆషాఢంలో సంతకం

మా అమ్మాయికి పెళ్ళి కాలేదన్న సంగతి నాకు ఆమె భర్త పోయిన పదహారో రోజున తెలిసింది.

చెప్పినవాడు జయదేవ్. పెద్దాపురంలో నా స్నేహితుడు జయరాముడి కొడుకు. కొరియాలో, పోయిన మా అల్లుడు డోహ్యున్ దేశంలో, ఉల్సాన్ అనే ఊళ్ళో ఏడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు, ఆ భాష మనవాళ్ళు హిందీ మాట్లాడినంత సులువుగా మాట్లాడతాడు. ఒమాన్‌లో, సోహార్‌లోని మా ఫ్లాట్‌లో లాప్‌టాప్ ముందు నేనూ, నా భార్య సుగుణా, మూడు నెలల పాపను ఒళ్ళో పెట్టుకుని మా అమ్మాయి మనస్వినీ కూర్చున్నాం. తెర మీద జయదేవ్ పక్కన ఒక లాయరమ్మ ఉంది. ఆవిడ ఏదో చెబుతోంది, వాడు తల వంచుకుని వింటున్నాడు. వాడు తల ఎత్తకపోవడం చూస్తేనే నాకు భయం వేసింది.

"బాబాయ్ గారూ, కంపెనీ వాళ్ళు తెప్పించిన కుటుంబ రికార్డు ఆవిడ చూశారండి. డోహ్యున్ గారి పేరు కింద భార్య అన్నచోట ఎవరూ లేరు. పిల్లలు అన్నచోటా లేరు. వాళ్ళమ్మగారొక్కరే ఉన్నారు."

"లేకపోవడమేంటి? పెళ్ళికి నువ్వు రాలేదూ? మీ నాన్నా అమ్మా పీటల మీద కూర్చుని దత్తత చేసుకుని గోత్రం ఇచ్చారు కదరా అతనికి! ఆ లెక్కన నువ్వు అతని తమ్ముడివి!"

"అదంతా చెప్పానండి. ఫొటోలు కూడా చూపించాను. చాలా బాగున్నాయన్నారు."

ఆ "చాలా బాగున్నాయి" వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆరువందల మంది భోంచేసిన పెళ్ళి. నాలుగు రకాల కాజాలు వడ్డించాం. ఫొటోలు బాగున్నాయట!

జయదేవ్ మెల్లగా, చంటిపిల్లాడికి అన్నం తినిపిస్తున్నట్టు, ఒక్కొక్క ముద్దే పెట్టాడు. మనిషి ఏ దేశస్థుడైతే ఆస్తికి ఆ దేశపు చట్టమే వర్తిస్తుందట, ఒమాన్‌లో పోయినా సరే. మొదటి వరుస వారసులు పిల్లలు, వాళ్ళతో సమానంగా భార్య. పిల్లకు ఒక వంతయితే భార్యకు ఒకటిన్నర. పిల్లలు లేకపోతే తల్లిదండ్రులూ భార్యా. భార్యా పిల్లలూ ఇద్దరూ లేకపోతే మొత్తం తల్లిదండ్రులదే. అక్కడ తాళితో, హోమంతో పని లేదు. పెళ్ళి చేసుకున్నామని రాసి, సంతకాలు చేసి, ఆఫీసులో కాగితం ఇచ్చిన రోజే పెళ్ళి. ఎంత ఘనంగా చేసుకున్నా, ఎన్నేళ్ళు కాపురం చేసినా, ఆ కాగితం లేకపోతే వారసత్వంలో భార్య భార్య కాదు.

"మన చట్టం ప్రకారమైనా అయినట్టే కదా?" అన్నాను.

"ఇద్దరూ హిందువులైతేనేనండి. వేరే మతం, వేరే దేశం అయితే రిజిస్టరు చేసుకోవాలి. అక్కడా చేయలేదు కదా మనం."

సుగుణ కొంగు నోట్లో కుక్కుకుంది. మనస్విని మాత్రం కదలలేదు. తెర వైపే చూస్తూ అడిగింది.

"మరి పాపో?"

"పెళ్ళి లేదు కాబట్టి, నా కూతురే అని తండ్రి రాసివ్వాలి అక్కా. అలా రాసిచ్చే మనిషి లేడు. ఇక కోర్టుకు వెళ్ళాలి. పోయారని తెలిసిన రెండేళ్ళలోపు వేయాలి. కోర్టు ఒప్పుకుంటే పుట్టిన రోజు నుంచే కూతురు. అప్పుడు మొత్తం ఆస్తి పాపది."

"మొత్తం అంటే?"

"ఉల్సాన్‌లో ఒక అపార్ట్‌మెంట్. వాళ్ళమ్మగారు అందులోనే ఉంటున్నారు."

"నాకా ఇల్లూ వద్దు, గోడలూ వద్దు. రేపు స్కూల్లో నీ నాన్న ఎవరే అంటే ఇదేం చెప్పాలి?" అని, మనస్విని నా వైపు తిరిగింది. "అయినా ఆ కాగితం ఆయన నింపారు కదా నాన్నా. నేనూ సంతకం పెట్టాను. మీ చేతికిచ్చి వచ్చానన్నారు."

తర్వాత లాయరమ్మ ఏం చెప్పిందో, జయదేవ్ ఏం అనువదించాడో నా చెవిన పడలేదు.

నా ఉద్యోగం గురించి చెప్పాలి. సోహార్ పోర్టు దగ్గర ఒక ప్లాంట్‌లో పంతొమ్మిదేళ్ళుగా డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఏ డ్రాయింగ్ ఎన్నోసారి మార్చారో, ఏ కాగితం ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్ళు పడుకుందో చూసుకోవడమే నా పని. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ రెసిడెంట్ కార్డులు, పాస్‌పోర్టులు ఎప్పుడు అయిపోతాయో ఫోన్ చేసి మరీ గుర్తు చేసేవాణ్ణి. "సూర్యప్రకాశ్ గారుంటే కాగితం గురించి నిద్ర పట్టకపోవడం ఉండదండీ" అనేవారు. నేను మురిసిపోయేవాణ్ణి. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందట.

ఆ కాగితం నా చేతికి వచ్చింది కిందటేడు ఆషాఢంలో. పెళ్ళయిన మొదటి ఆషాఢం. అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదని సుగుణ పట్టుబట్టింది. డోహ్యున్‌ది సూర్ అనే ఊళ్ళో పని, కంపెనీ క్యాంపులో ఉండేవాడు. మనస్విని ఇక్కడ స్కూల్లో టీచరు, మా దగ్గరే ఉండేది. ప్రతి గురువారం డ్యూటీ దిగి నాలుగున్నర గంటలు కారు నడిపి వచ్చేవాడు. ఆ నెలంతా వచ్చినా పైకి రాలేదు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. "మీ రూల్, ఓకే మావయ్య గారూ" అన్నాడంతే.

ఆరోజు పార్కింగ్‌లో నలభై ఆరు డిగ్రీల ఎండ. గోడ పక్క ఖర్జూరపు చెట్టు నుంచి పళ్ళు రాలి కారు బానెట్ మీద పడుతున్నాయి. సుగుణ ఇచ్చిన గుత్తివంకాయ కూర, పెరుగన్నం కేరేజీలో పట్టుకెళ్ళాను. కారులో ఏసీ వేసుకుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని తిన్నాడు. తిన్నాక చేతులు శుభ్రంగా తుడుచుకుని, రెండు చేతులతో ఆ కాగితం నాకిచ్చాడు.

"మావయ్య గారూ, విట్‌నెస్ టూ పీపుల్. ఒకరు నా ఫ్రెండ్, సైన్ అయింది. ఒకరు మీరు. తర్వాత కొరియర్."

"ఆషాఢం నాయనా. ఆషాఢంలో పెళ్ళి సంతకమేంటి? శ్రావణ శుక్రవారం పెట్టి నేనే పంపిస్తాను."

గడప సంగతి సుగుణది. సంతకం సంగతి మాత్రం నా సొంతం. ఏ శాస్త్రంలోనూ లేదు, ఏ పంతులూ చెప్పలేదు. అల్లుడి ముందు పెద్దమనిషిలా మాట్లాడాలనిపించి మాట్లాడాను. అతను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుని నవ్వి, వంగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

శ్రావణంలో ఒకసారి ఫోన్ చేశాడు. "మావయ్య గారూ, ఆ పేపర్?" నేను మీటింగ్‌లో ఉన్నాను. "డన్, డన్" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. అయిపోయిందనే అనుకున్నాను. తర్వాత మనస్వినికి వేవిళ్ళు, పెద్దాపురంలో పురుడు, పాపకు తన్మయి అని పేరు పెట్టడం. పాప పుట్టిన సంగతి వచ్చే దసరా రోజుల్లో కొరియా వెళ్ళినప్పుడు రాయిస్తానన్నాడు డోహ్యున్. జూన్‌లో ఒక గురువారం, సూర్ నుంచి వస్తుంటే మునిమాపువేళ రోడ్డుకు అడ్డంగా ఒంటె వచ్చింది. శవాన్ని వాళ్ళ దేశం పంపేటప్పుడు కంపెనీ మనిషి "దగ్గర బంధువు: తల్లి" అని రాస్తుంటే, భార్య కూడా ఉందయ్యా అని నేను సరిదిద్దబోయాను. అతను నా మొహం కేసి చూసి, "రికార్డులో ఉన్నదే రాస్తున్నాం సార్" అన్నాడు. వాళ్ళ రికార్డు తప్పనుకున్నాను! నా రికార్డు తప్పు కావచ్చన్న ఆలోచన నా బుర్రకు తట్టనే లేదు.

కాల్ అయిపోయాక లేచి బీరువా తీశాను. నీలం ఫైలు, పైన నా గుండ్రటి చేతిరాతతో "పెండింగ్". పాత కారు ఇన్సూరెన్స్ కింద ఉంది. నాకు రాని అక్షరాలతో నిండా నింపిన కాగితం. అతని సంతకం, మనస్విని సంతకం, అతని స్నేహితుడి సంతకం. పక్క గడి ఖాళీ. దాని మీద పసుపుపచ్చ చీటీ అంటించి ఉంది. నేను రాసిందే. "శ్రావణంలో."

దాచాలని అనిపించలేదని చెబితే అబద్ధం. చించి పారేస్తే కొరియర్‌లో పోయిందనుకుంటారు. ఒక నిమిషం పాటు ఆ ఆలోచనతోనే నిలబడ్డాను. తర్వాత తీసుకెళ్ళి మనస్విని ముందు పెట్టాను. అది చీటీ చూసింది, ఖాళీ గడి చూసింది, భర్త రాసిన అక్షరాల మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా నడిపింది. పది రోజులు నాతో మాట్లాడలేదు.

"తిట్టనైనా తిట్టదేమిటే అది?" అన్నాను సుగుణతో.

"ఏమని తిడుతుందండీ? తిడితే తీరేదా ఇది?" అంది. అని, పప్పు గరిటె అక్కడే వదిలేసి గోడకానుకుని ఏడ్చింది. "గడప దాటకూడదన్నాను. ఆ పిల్లాడు ఎండలో కూర్చుని తిన్నాడు. నేనూ మీకు తోడుదొంగనే."

జయదేవ్ తర్వాత మళ్ళీ ఫోన్ చేసి దారి చెప్పాడు. డోహ్యున్‌కి అక్కడే దహనం అయిపోయింది. అతని నుంచి పరీక్షకు ఏమీ దొరకదు. కానీ పుట్టింది ఆడపిల్ల కావడం అదృష్టమట. తండ్రి నుంచి ఆడపిల్లకు వచ్చే ఒక భాగం అచ్చంగా ఆ తండ్రి తల్లిదేనట. నానమ్మ లోపలి బుగ్గ నుంచి కాస్త ఎంగిలి, పాపదీ మనస్వినిదీ కాస్త కాస్త ఇస్తే చాలు, తేలిపోతుంది. ఆవిడ ఇవ్వనంటే ఏళ్ళ తరబడి కోర్టులో కొట్టుకోవాలి.

"అయితే ఒకటండీ బాబాయ్ గారూ. ఇచ్చే ముందు ఆవిడకి మొత్తం చెప్పాలని లాయరు గారు మరీ మరీ చెప్పారు. పాప కూతురని తేలితే ఆవిడకి చిల్లిగవ్వ రాదు. ఇప్పుడుంటున్న ఇల్లు కూడా పాపదైపోతుంది. తెలిసే ఇవ్వాలి."

ఏ పిచ్చిదైనా ఇస్తుందా? కొడుకు పోయాడు. కోడలని చెప్పుకునే పిల్లను ఫోన్‌లో తప్ప చూడలేదు. పెళ్ళికి మోకాళ్ళ ఆపరేషనని రాలేదు. అలాంటి మనిషిని నోరు తెరువమ్మా, నీ ఇల్లు మాకు రావాలి అని అడగాలి. నాకు ఆలోచిస్తేనే సిగ్గేసింది.

ఆగస్టులో ఆవిడే వచ్చింది, కొడుకు సామాను తీసుకోవడానికి సూర్‌కి. పాపను చూస్తానని కబురు పెట్టింది. లాయరమ్మ పంపిన పరీక్ష డబ్బా మా ఇంటికి అంతకు వారం ముందే వచ్చి ఉంది. ముందు రోజు సాయంత్రం సుగుణ వంటింట్లో గొంతు తగ్గించి అంది.

"ఏవండీ, మన పై అంతస్తు హసీనా నర్సే కదా. ఒంటి పరీక్ష అని తీసేసుకుంటే? ఆవిడకి మన భాష రాదు. తర్వాత చెప్పుకోవచ్చు."

నేను వద్దనలేదు. అదే ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, నేను వద్దనలేదు. పాప పాల సీసా కోసం వచ్చిన మనస్విని గుమ్మంలో నిలబడి వింది. పది రోజుల తర్వాత ఎలాగో మాటలు కలిపింది గానీ, నా మొహం చూసి మాట్లాడటం ఆ రోజే.

"ఒకసారి కాగితం దాచి నన్ను భార్యను కాకుండా చేశారు. ఇప్పుడు మాట దాచి నా కూతుర్ని దొంగను చేస్తారా నాన్నా?"

దాచలేదే, మర్చిపోయాను అనబోయాను. అది అప్పటికే పాల సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కంపెనీ డ్రైవరు ఆవిణ్ణి దింపి వెళ్ళాడు. పొట్టి మనిషి, తెల్లటి టోపీ, చేతిలో గుడ్డ మూట. గుమ్మం ముందు చెప్పులు విప్పి, బయటివైపు తిప్పి సర్దిపెట్టి లోపలికి వచ్చింది. మూట విప్పితే ఎండబెట్టిన సముద్రపు నాచు. బాలింతలకు అక్కడ దాంతో పులుసు కాచి పెడతారట. ఐదు నెలలు కావస్తోంది, ఆలస్యమైందని ఫోన్ తెరలో జయదేవ్ చేత చెప్పించింది. సుగుణ ఆ నాచును రెండు చేతులతో అందుకుని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు దేవుడి గూటి ముందు నిలబడింది.

ఆవిడ పాపను ఎత్తుకోలేదు. దూరం నుంచి చూస్తూ కూర్చుంది. ఎత్తుకుంటే ఏడుస్తానని భయమేమో. నేను నీలం ఫైలు తెచ్చి ముందు పెట్టాను. జయదేవ్‌తో, "ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పు" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం చదివింది. నాకు గీతల్లా కనిపించేవి ఆవిడకు కొడుకు మాటలు. ఒకచోట వేలు ఆగింది.

"తల్లి పేరు అన్నచోట ఆవిడ పేరు రాశాడంటున్నారు," అన్నాడు జయదేవ్. "చిన్నప్పటి నుంచీ అందులో ఒక అక్షరం వంకరగానే రాస్తాడట. ఎన్నిసార్లు దిద్దించినా రాలేదట."

తర్వాత ఖాళీ గడి. వేలు అక్కడ పెట్టి నా వైపు చూసింది. చెప్పాను. ఆషాఢం అంటే ఏమిటో, గడప ఏమిటో, పార్కింగ్‌లో పెరుగన్నం ఏమిటో. జయదేవ్ మధ్య మధ్య ఆగిపోతూ చెప్పాడు.

"ఆ నెల అయిపోయాక ఏమైందని అడుగుతున్నారండి."

"మర్చిపోయాను," అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. హసీనా డబ్బా ఒళ్ళో పెట్టుకుని సోఫా చివర కూర్చుని ఉంది. గుంటూరు పిల్ల, వాగుడుకాయ, ఆరోజు డబ్బా మీది అక్షరాలే చదువుకుంటోంది. జయదేవ్ ఆస్తి సంగతి మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. ఆవిడ మధ్యలో ఒక్కటే ప్రశ్న వేసింది.

"ఇల్లు పాపదైతే, నన్ను ఉండనిస్తుందా అంటున్నారు."

జయదేవ్ ఇంకా తెలుగులో చెప్పడం పూర్తి చేయకముందే మనస్విని లేచి, పాపను తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "ఓమొని," అంది. అమ్మా అని. మొగుడు నేర్పిన నాలుగు మాటల్లో అదొకటి.

పాప ఆవిడ టోపీ అంచు పట్టుకుని లాగింది. ఆవిడ టోపీ తీసి పాపకిచ్చేసి, హసీనా వైపు తిరిగి నోరు తెరిచింది.

"ఉండండి అమ్మా, ఇంకా కవరే చింపలా," అని హసీనా తడబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. ఆవిడ మాత్రం నోరు మూయలేదు. హసీనా చేతులు తుడుచుకుని, గ్లవ్స్ వేసుకుని, దూదిపుల్ల తీసి రెండు బుగ్గల్లోపలా తిప్పే దాకా, ఆ డెబ్బయ్యేళ్ళ మనిషి ఒళ్ళో పిల్లతో, నోరు తెరుచుకునే కూర్చుంది.

పాపదీ మనస్వినిదీ కూడా తీసి మూడు కవర్లు అంటించాక హసీనా ఒక ఫారం నా ముందుకు జరిపింది. "అంకుల్, నేను తీయడం చూశామని ఒకరు సాక్షి సంతకం పెట్టాలంట. మీరు పెడతారా?"

గోడ మీద పెద్దాపురం క్యాలెండరు ఉంది. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. ఆషాఢ అమావాస్య. మర్నాటి నుంచి శ్రావణం. ఇక సుగుణ ఏమంటుందోనని తిరిగాను. ఆమె నా జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి నా వేళ్ళ మధ్య పెట్టింది.

పెట్టాను. కొరియర్ కుర్రాడికి, సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే రమ్మని ఫోన్ చేశాను. అప్పుడు డోహ్యున్ తల్లి టేబుల్ మీదున్న రెండో కాగితాన్ని కూడా నా ముందుకు జరిపింది. నీలం ఫైలులోది. ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

"బాబాయ్ గారూ," జయదేవ్ గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు దానికి విలువ లేదని చెప్పానండి. ఆవిడకీ తెలుసు. అయినా పెట్టమంటున్నారు. మా అబ్బాయి అడిగాడు కదా, పెట్టండి అంటున్నారు."

పసుపుపచ్చ చీటీ పీకేసి సంతకం పెట్టాను. అక్షరాలు గడి దాటాయి. తేదీ కూడా వేశాను, ఆ రోజుదే. ఆవిడ సిరా ఆరేదాకా నోటితో ఊది, మడతపెట్టి, కొడుకు నాకిచ్చినట్టే రెండు చేతులతో మనస్వినికి ఇచ్చింది.